మూడో తరగతిలో అరటిపండు

నాకు కోపం ఎక్కువ. బళ్ళో అందరికీ తెలుసు. నేను వరండాలో నడిచి వస్తుంటే చెప్పుల చప్పుడుకే పక్క తరగతి పిల్లలు కూడా సర్దుకుని కూర్చుంటారు. పిల్లల్ని కొట్టి ఎరగను గానీ, తిట్టకుండా ఉండి కూడా ఎరగను. నా దృష్టిలో తిట్టడమంటే, "నువ్వు ఇంతకంటే బాగా చెయ్యగలవు, ఆ సంగతి నాకు తెలుసు" అని కాస్త గట్టిగా చెప్పడం. అలాంటి నేను ఒక ఏడాది ఎనిమిదేళ్ళ పిల్ల ఒకదాన్ని తిట్టలేకపోయాను. జాలిపడి కాదు. నోరు పెగల్లేదు, అంతే. తిడదామని చూస్తే చెవుల వెనక చెమట పట్టేది, చేతిలోంచి సుద్దముక్క జారిపోయేది.

ఇదంతా గుమ్మడికాయ చేసిన పని.

గుమ్మడికాయ అన్నది పిల్లలు పెట్టిన పేరు. ప్రయోగశాల వాళ్ళు పెట్టిన పేరు పొరుగు పాఠం. అది తలకి పెట్టుకునే బూడిదరంగు టోపీ. బూడిద గుమ్మడికాయని సగానికి కోసి బోర్లించినట్టు ఉండేది. మాది కాకినాడలో వంతెన అవతల మునిసిపల్ బడి. జూన్‌లో బడి తెరిచిన వారంలోనే ఆ టోపీలు అట్టపెట్టెల్లో మా మూడో తరగతికి వచ్చాయి. వాటితో పాటు వాటిని తయారుచేసిన డాక్టర్ మందాకిని గారూ, ఆవిడ కూతురు ధృతీ వచ్చారు. సాయంత్రానికి టోపీలు వెనక్కి వెళ్ళిపోయాయి. ధృతి మాత్రం ఆ రోజు నుంచే మా బళ్ళో చేరింది.

మందాకిని గారు పిల్లల ముందు నేల మీదే కూర్చున్నారు. "మనందరి మెదళ్ళూ ఒక్కలా ఉండవు. కొందరికి పుస్తకంలో అక్షరాలు కుదురుగా నిలబడవు. కొందరు ఒకచోట కూర్చోలేరు. కొందరికి చిన్న చప్పుడు కూడా పెద్దగా వినిపిస్తుంది. అది జబ్బు కాదు, తప్పూ కాదు. వేరే రకం, అంతే" అన్నారు. పిల్లలు బుద్ధిగా తలలూపారు. మా పిల్లలు దేనికైనా తలలూపుతారు. ఆ సంగతి ఆవిడ పసిగట్టినట్టే ఉంది.

"పెనం కాలుతుందని మీ అమ్మ చెప్తే నమ్మారా, ముట్టుకున్నాక నమ్మారా?" అని అడిగారు.

"ముట్టుకున్నాకండీ!" అని తరగతి మొత్తం అరిచింది.

"అయితే టోపీలు పెట్టుకోండి."

టీచర్ కూడా పెట్టుకోవాలన్నారు. నేనూ పెట్టుకున్నాను.

ఆ టోపీలో ఉన్నది ధృతి. ధృతి ఆలోచనలు కావు. అంతకుముందు ఏడాది, పాత బళ్ళో వార్షికోత్సవం రిహార్సల్ జరుగుతుంటే ఆ పిల్ల చెవులూ, చర్మం, ఊపిరీ, గుండే ఏం చేశాయో అదంతా పది నిమిషాల పాటు పట్టి ఉంచారు. మా ఒళ్ళు కూడా అచ్చంగా అదే చేసింది. స్పీకర్లో పాట మొదలైంది. అది నా చెవుల్లోకి కాదు, పళ్ళలోకి వచ్చింది. మెడ వెనక యూనిఫాం చీటీ కోస్తోంది. ట్యూబ్‌లైటు గీ పెడుతోంది. ఇన్నేళ్ళ నుంచీ ట్యూబ్‌లైట్ల కింద పాఠాలు చెప్తున్నాను, అవి చప్పుడు చేస్తాయని నాకు అప్పటిదాకా తెలియదు. ఎవరో భుజం మీద చెయ్యి వేశారు. తీసేశాక కూడా ఆ చెయ్యి అక్కడే ఉంది. పారిపోదామంటే గుమ్మం ఎటుందో తెలియలేదు.

టోపీలు తీసేసరికి సగం మంది పిల్లలు ఏడుస్తున్నారు. మా లీడర్ గౌతమ్, ఎంత పెద్ద దెబ్బ తగిలినా కిమ్మనని వాడు, ముక్కు చీదుకుంటున్నాడు. వాళ్ళకి ఎదురుగా కుర్చీలో ధృతి కూర్చుని ఉంది. కాళ్ళు ఊపుకుంటూ, తల పైకెత్తి తిరిగే ఫ్యాన్ వైపు చూస్తోంది. హాయిగా ఉంది. మాకు మాత్రం ఆ పిల్ల మొహం చూస్తుంటే పళ్ళు జివ్వుమంటున్నాయి.

మర్నాటి నుంచీ మా తరగతిలో అద్భుతం జరిగింది. వెక్కిరింపు లేదు. తోపులాట లేదు. ధృతి చెవులు మూసుకుంటే అందరూ గప్‌చుప్. వేరే బళ్ళో పిల్లలు ఒక కుర్రాణ్ణి రోజూ మరుగుదొడ్డిలో పెట్టి బయట గడియ వేసేవారట. ఈ పాఠం అయ్యాక వాళ్ళే ఆ గడియ ఊడదీసి హెడ్‌మాస్టరు బల్ల మీద పెట్టారట. ఆ మాట విని నేను కళ్ళు తుడుచుకున్నాను. ఇన్నేళ్ళుగా నేను నోరు నొప్పెట్టేలా చెప్పినా రానిది పది నిమిషాల్లో వచ్చింది కదా అనుకున్నాను.

అప్పటికి నేను చూడనిది ఒకటుంది. మా ఒళ్ళు నేర్చుకున్న పాఠం మానడం లేదు. పైగా అది అందరి గురించీ నేర్చుకోలేదు, ధృతి గురించే నేర్చుకుంది.

ఎక్కాలు గుసగుసగా చెప్పుకోవడం మొదలుపెట్టారు. పన్నెండో ఎక్కం దంచినట్టు చెప్తే వచ్చే ఊపు పోయింది. ఇంటర్వెల్‌లో దాగుడుమూతలు ఆడుకుంటారు. మా పిల్లల లెక్కలో దొంగ కళ్ళు మూసుకుని ఇరవై దాకా లెక్కపెట్టాలి, దాక్కున్నవాళ్ళని వెతికి ముట్టుకోవాలి, ముందు దొరికినవాళ్ళు తరవాత దొంగ. ధృతిని ఎవరూ వెతికేవారు కారు. ఎదురుగా నిలబడ్డా చూడనట్టు పక్కనుంచి వెళ్ళిపోయేవారు. మొదట పంటలు వేసుకునేటప్పుడు కూడా ఆ పిల్ల చెయ్యి ఎలా పెట్టినా, పండిపోయింది, పండిపోయింది అని పక్కన నిలబెట్టేసేవారు.

ఆటలో అరటిపండు అంటే అందరికీ తెలిసిందే. ఇంట్లో చంటిపిల్ల ఏడుస్తుందని ఆటలో చేర్చుకుంటారు. పట్టుకోరు, అవుట్ అనరు, దొంగ పెట్టరు. ఆ పిల్ల తనూ ఆడుతున్నాననుకుంటుంది. ధృతి చంటిపిల్ల కాదు కదా, దానికి తెలిసిపోయింది.

ఒకరోజు గౌతమ్‌కి అడ్డంగా నిలబడి, "నన్ను ముట్టుకో" అంది.

"వద్దే. నీకు నొప్పెడతాది."

"నొప్పెట్టదు. చెప్తున్నాగా."

"పెడతాది. నాకు తెల్సు" అన్నాడు వాడు. ధృతి వాడి చెయ్యి పట్టుకుంటే నిప్పు తగిలినట్టు లాక్కున్నాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. ధృతి వాడివైపు చూసింది, తరవాత వరండాలో ఉన్న నావైపు చూసింది. నేను తల తిప్పుకున్నాను.

ఆ వారమే లెక్కల పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. ఏడెనిమిదులు యాభై రెండు అని ఉంది. కింద ఉన్నవన్నీ తప్పులే. నేను ఎర్ర పెన్ను తీశాను. ఇంటూ గుర్తు పెట్టబోతే పెన్ను కాగితం దాకా పోలేదు. పళ్ళల్లో ఆ పాట. చివరికి టిక్కు పెట్టి పుస్తకం మూసేశాను.

"టీచర్, అది తప్పు" అంది ధృతి.

"పరవాలేదమ్మా."

"కావాలనే తప్పు రాశాను. మీరు తిడతారేమో చూద్దామని."

నేను పెన్నుకి మూత పెట్టేశాను. ఆ పిల్ల కాసేపు నిలబడి చూసి, పుస్తకం తీసుకుని వెళ్ళిపోయింది. మధ్యాహ్నం గౌతమ్ రంగుపెన్సిళ్ళన్నీ ఒక్కొక్కటే విరిచేసింది. వాడు విరిగిన ముక్కలు ఏరుకుంటూ, "పాపం, దానికి చెవులు నొప్పెడుతున్నాయేమో" అన్నాడు. అది విని ధృతి ఏడ్చింది. ఏడుస్తుంటే తరగతి మొత్తం ఊపిరి బిగబట్టి కూర్చుంది. గోడల మధ్య ఇరుక్కున్న పిల్లని చూస్తున్నట్టు ఉంది నాకు. ఆ గోడలు మేమే.

ఆదివారం నేను బీచ్ రోడ్డులో ఉన్న ప్రయోగశాలకి వెళ్ళాను. కడిగిపారేద్దామనే వెళ్ళాను. మందాకిని గారిని చూసేసరికి నా కోపం సగానికి దిగిపోయింది. మనిషి నిద్ర లేక పీక్కుపోయి ఉంది. ధృతి అక్కడే, పెద్ద బల్ల కింద కూర్చుని పాత కంప్యూటర్ మీటలు ఊడదీసుకుంటోంది.

"అందరికంటే ముందు ఆ టోపీ పెట్టుకున్నది నేనే కదండీ సత్యవేణి గారూ" అన్నారావిడ. "దాన్ని పళ్ళు తోముకోమని గట్టిగా చెప్పి ఏడాదైంది. మా ఇంట్లో మిక్సీ వెయ్యం. రోట్లో రుబ్బుతున్నాను. ఇడ్లీ పిండి రుబ్బడానికి ఎంతసేపు పడుతుందో తెలుసా మీకు?"

"చెరిపెయ్యలేరా?"

"టోపీలోది చెరపొచ్చు. మనలోది ఎలా చెరుపుతాం? దాని పైన ఇంకోటి వెయ్యాలి. ధృతి నవ్వుకుంటూ ఆడుకున్న పది నిమిషాలు పట్టుకుని, అవి మళ్ళీ అందరికీ పెట్టాలి."

"మరి ముందే ఆ నవ్వు పెట్టకపోయారా?"

"నవ్వు చూపిస్తే ఎవరు మారతారండీ అన్నారు మా ప్రయోగశాల వాళ్ళు. నాకూ నిజమే అనిపించింది."

అప్పుడు బల్ల కిందనుంచి ధృతి గొంతు వినిపించింది. "నేను మళ్ళీ ఇవ్వను."

"ఎందుకమ్మా?" అని నేనే అడిగాను.

"అందరూ నా లోపలికి వచ్చేశారు. చెప్పులు కూడా విప్పలేదు. మళ్ళీ రమ్మంటారా?"

మందాకిని గారు చేతుల్లో మొహం పెట్టుకున్నారు. బలవంతపెట్టే తల్లి కాదు. బలవంతపెడదామనుకున్నా ఆవిడ ఒళ్ళు ఒప్పుకోదు.

"వేరే బళ్ళో వేస్తే?" అన్నాను గొంతు తగ్గించి.

"వచ్చే ఏడాదికి జిల్లాలో అన్ని బళ్ళలోనూ ఇదే పాఠం. ధృతి ఎక్కడికి వెళ్ళినా, ఆ పది నిమిషాలు ముందే వెళ్ళి అక్కడ కూర్చుని ఉంటాయి. ఆపేద్దామంటారా? ఆపితే ఆ గడియ మళ్ళీ బిగిస్తారు." ఆవిడ ఆ మరుగుదొడ్డి కుర్రాడి సంగతి ఎత్తేసరికి నేను లేచాను. మింగలేక కక్కలేక ఇంటికి వచ్చాను.

దసరా సెలవుల తరవాత నూకరత్నం వచ్చింది.

ఉప్పాడ దగ్గర వాళ్ళ వీధిని సముద్రం తినేసిందట. పిన్ని ఇంటికి వచ్చి మా బళ్ళో చేరింది. బక్కగా, గొంతు మాత్రం పడవ మీంచి ఒడ్డుకి వినపడేలా ఉండేది. వచ్చీ రావడమే కిటికీ పక్కన ధృతి కూర్చునే చోట సంచీ పెట్టేసింది.

"ఇది నా చోటు" అంది ధృతి.

"నీ పేరు రాసుందేటే?" అంది నూకరత్నం. తరగతి మొత్తం కొయ్యబారిపోయింది. ధృతి చెవులు మూసుకుంది. నూకరత్నం ఎగాదిగా చూసి, "ఎందుకే సెవులు మూసుకున్నావు?" అంది.

ఆ ప్రశ్న మా తరగతిలో అంతవరకూ ఎవరూ అడగలేదు. అడగాల్సిన పని లేదు, మాకన్నీ తెలుసు కదా! ధృతి కూడా జవాబు కోసం కాస్త తడుముకుంది.

"గట్టిగా అరిస్తే చెవుల్లో ఇసక పోసినట్టుంటుంది."

"ఓస్, అంతేనా? మెల్లిగా తిడతాను." నూకరత్నం వంగి, ధృతి చెవి దగ్గర గుసగుసగా నాలుగు తిట్లు తిట్టింది. అవి ఇక్కడ రాసేవి కావు. ధృతి వింటూ వింటూ పకాలున నవ్వింది. తరవాత దాని సంచీ తీసి కింద పడేసింది. దాంతో జుట్లు పట్టుకున్నారు. నేను విడదీయాలని లేచాను, మళ్ళీ కూర్చున్నాను. టీచర్‌గా అది తప్పే గానీ, నాకు విడదీయబుద్ధి కాలేదు.

ఆ రోజు ఇంటర్వెల్‌లో నూకరత్నం ధృతిని వెతికి పట్టుకుని వీపు మీద చరిచి, "దొంగ!" అంది. పిల్లలంతా హాహాకారాలు చేశారు. గౌతమ్ పరిగెత్తుకొచ్చి, "దాన్ని ముట్టుకోకూడదే, అది వేరే" అన్నాడు. "ఏరే అయితే ఏటి, దానికి సేతుల్లేవా, కళ్ళు మూసుకోలేదా?" అంది నూకరత్నం. ధృతి అప్పటికే గోడకి తిరిగి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఇరవై దాకా లెక్కపెట్టి తిరిగేసరికి, దాక్కున్నది నూకరత్నం ఒక్కర్తే. అయినా సరే, ధృతి ఆ ఒక్కదాన్నీ ఇంటర్వెల్ అయ్యేదాకా వెతికింది.

ఆ సాయంత్రమే మందాకిని గారు ఫోన్ చేశారు. "ధృతి జడ ఊడిపోయి, మోచెయ్యి గీరుకుపోయి వచ్చింది. ఎవరో పిల్లని తిడుతోందండీ. ఇంట్లో తిరుగుతూ తిడుతోంది" అని ఏడుస్తూ నవ్వారు. నూకరత్నానికి బండి చక్రాల వడియాలు నచ్చవనీ, చేపల పేర్లన్నీ తెలుసనీ, తొమ్మిదో ఎక్కం రాదనీ కూడా ధృతి చెప్పిందట. ఆ పిల్ల ఇంకొకరి గురించి మాట్లాడగా ఆవిడ వినడం అదే మొదలు.

నూకరత్నానికి మాత్రం ధృతి అంటే జాలి లేదు. వీలు కుదిరితే మోసం చేసేది, దొరికితే తిట్లు తినేది. ధృతికి చెవులు పోట్లు పెట్టిన రోజున అడిగేది, "ఇయ్యాళ మెల్లిగానా, మామూలుగానా?" అని. ధృతి ఏదంటే అదే. ఇంతకన్నా పాఠం ఏం కావాలి అనిపించేది నాకు. నేను ఎర్ర పెన్ను పట్టుకోలేకపోయినా, తప్పు లెక్క పక్కన నూకరత్నం పెన్సిల్‌తో ఇంటూ కొట్టేది. సగం సార్లు అది కొట్టిందే తప్పు. అయినా ధృతి వాదించి, మళ్ళీ చేసి, ఒప్పు రాబట్టేది.

ఈ ముచ్చట చాలా రోజులు సాగలేదు. పై ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. పొరుగు పాఠం మిగతా బళ్ళకి వెళ్ళాలంటే ముందుగా మొదలుపెట్టిన మా తరగతి పూర్తి కావాలి. మా తరగతిలో ఒకరు మిగిలిపోయారు. మంగళవారం నాడు ఆ ఒక్కరికీ పెట్టేస్తే సరి. ఆ ఒక్కరు ఎవరో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"పెట్టినట్టు చెప్పేస్తే పోదా?" అని మందాకిని గారిని అడిగాను.

"పెట్టిందో లేదో ఆ టోపీయే చెప్పేస్తుందండీ."

"పెట్టకపోతే?"

"అన్నీ ఆగిపోతాయి. వేరే జిల్లాల్లో తల్లులు రోజూ ఫోన్ చేస్తున్నారు నాకు, మా వాడి బడికి ఎప్పుడు వస్తుందీ అని." ఆవిడ గొంతు అరిగిపోయినట్టు ఉంది. "పెడితే ఈ పిల్ల కూడా ధృతికి దూరమైపోతుంది. నాకు తెలుసు. ఏం చెయ్యమంటారు?"

నాకు తోచిన ఉపాయం ఒక్కటే. సోమవారం సాయంత్రం నూకరత్నాన్ని ఆపి, "రేపు బడికి రాకు. జ్వరం వచ్చిందని చెప్పు" అన్నాను.

"నాకు జొరం లేదండి టీచరండీ."

"లేకపోయినా సరే."

అది భుజం మీది సంచీ కింద పెట్టింది. "రేపు గుమ్మడికాయలు వస్తాయటగా? అందరికీ పెట్టారటగా?" అంది. నేను కిటికీలు మూయడం మొదలుపెట్టాను. సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది.

మంగళవారం నాడు అందరికంటే ముందు నూకరత్నమే వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. జుట్టు కుంకుడుకాయలతో రుద్దుకుని, ఆరబెట్టుకుని, విరబోసుకుని వచ్చింది. "టోపీకి నూనంటుకుంటాదని పిన్ని రుద్దిందండి" అంది. తరవాత నడుం మీద చేతులు పెట్టుకుంది. "నాకెందుకెట్టొద్దన్నారండి? సేపలోళ్ళమనా?"

అది అలా అనుకుంటుందని నాకు తట్టనే లేదు. వాళ్ళ వీధి పోయింది, ఇల్లు పోయింది, ఇక్కడ అందరికీ ఇచ్చింది దీనికి ఒక్కదానికీ ఇవ్వనంటున్నాను.

మందాకిని గారు టోపీ చేత్తో పట్టుకుని మధ్యలో నిలబడిపోయారు. చివరికి కూతురివైపు తిరిగారు. "ధృతీ, ఇందులో ఉన్నది నువ్వు. అప్పుడు నిన్ను అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. నువ్వు వద్దంటే పెట్టను. ఎవరేమన్నా సరే, అన్నీ ఆపేస్తాను."

తరగతి మొత్తం ధృతివైపు తిరిగింది. వద్దను తల్లీ అని నేను మనసులో వంద దండాలు పెట్టుకున్నాను. ధృతి నూకరత్నాన్ని చూసింది. విరబోసుకున్న ఆ జుట్టుని చూసింది.

"పెట్టమ్మా" అంది.

"పెడితే ఏమవుతుందో తెలుసుగా?"

"తెలుసు. పెట్టకపోతే అది అరటిపండు అయిపోతుంది. నాలాగే."

మందాకిని గారు టోపీ పెట్టారు. ఆ పది నిమిషాలూ నేను నూకరత్నం మొహం చూడలేకపోయాను. దాని కాలివేళ్ళు చూస్తూ కూర్చున్నాను. అవి నేలని పట్టుకుని, వదిలి, మళ్ళీ పట్టుకున్నాయి. ఒక్కసారి "ఒలమ్మో" అంది, అంతే. టోపీ తీశారు. నూకరత్నం కిటికీ దగ్గర ధృతి పక్క చోట్లోంచి సంచీ తీసుకుని వెనక బెంచీకి వెళ్ళిపోయింది. ధృతి ఖాళీ అయిన ఆ చోటువైపు చూసి, మళ్ళీ నల్లబల్లవైపు తిరిగింది. నేను పాఠం చెప్పాను. ఏం చెప్పానో నాకు తెలియదు.

ఇంటర్వెల్‌లో పంటలు వేస్తే నూకరత్నం దొంగ అయింది. గోడకి తిరిగి ఇరవై లెక్కపెట్టింది. మిగతావాళ్ళు దాక్కున్నారు. ధృతి దాక్కోలేదు. మైదానం మధ్యలో, ఎండలో, నిటారుగా నిలబడి ఉంది. నూకరత్నం తిరిగి చూసి, దాని దగ్గరికి నడిచి వచ్చింది. చెయ్యి ఎత్తింది. ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మణికట్టు వణుకుతోంది, వేళ్ళు ముడుచుకుపోతున్నాయి. పళ్ళు బిగబట్టి ఇంకాస్త ముందుకి తోసింది, రాలేదు.

"నా సెయ్యి నా మాట ఇనట్లేదే" అంది ఏడుపు గొంతుతో. "ముట్టుకుందామంటే ఇనట్లేదు."

ధృతి ఆ చేతిని రెండు చేతులా పట్టుకుంది. ఎవరి చెయ్యీ తనంతట తను ఎక్కువసేపు పట్టుకోలేని పిల్ల అది. నూకరత్నం ఒళ్ళంతా అదిరింది, కన్నీళ్ళు బొటబొటా కారాయి, కానీ చెయ్యి లాక్కోలేదు. ధృతి ఆ చేతిని పైకెత్తి తన వీపు మీద తనే చరుచుకుంది. చప్పుడు వరండాలో ఉన్న నాకు వినిపించింది.

"నేను దొంగ" అంది ధృతి.

గోడ దగ్గరికి వెళ్ళి కళ్ళు మూసుకుని లెక్కపెట్టింది. దాక్కున్న పిల్లలంతా ఒక్కొక్కరే బయటికి వచ్చి, ఏం చెయ్యాలో తెలియక మైదానంలో గుంపుగా నిలబడ్డారు. ఇరవై అయింది. ధృతి తిరిగి చూసింది. అందరూ ఎదురుగానే ఉన్నారు, అదే మొహాలతో.

"దాక్కోండి!" అని అరిచింది.

ఆ పిల్ల అరవగా నేను వినడం అదే మొదలు. తన అరుపుకి తనే చెవులు మూసుకుంది, కళ్ళు గట్టిగా మూసుకుంది, కానీ మళ్ళీ అరిచింది. "దాక్కోండి అంటుంటే!" అందులో కోపం ఉంది. నిజమైన, నాలాంటి కోపం. ముందు గౌతమ్ ఉలిక్కిపడి పరిగెత్తాడు. వాడి వెనక మిగతావాళ్ళంతా చెల్లాచెదురయ్యారు. నేను గుడ్లప్పగించి చూస్తున్నాను.

"మీరు కూడా, టీచర్!"

నేను చీర ఎత్తి పట్టుకుని వంటగది వెనక్కి పరిగెత్తాను. గోడకీ కట్టెల మోపుకీ మధ్య కాస్త సందు ఉంటే అందులోకి దూరాను. అక్కడ అప్పటికే నూకరత్నం నక్కి ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని, కుడిచెయ్యి ఎడమచేత్తో పట్టుకుని చూసుకుంటోంది.

"టీచరండీ, ఇది తగ్గుద్దాండి?" అంది గుసగుసగా.

"తెలీదే" అన్నాను. "నాకింకా తగ్గలేదు."

అవతల అడుగుల చప్పుడు వినిపించింది. ఆగి, మళ్ళీ మొదలై, వంటగదివైపే వస్తోంది. నూకరత్నం ముక్కు గౌనుకి తుడుచుకుని, ఆ చేత్తోనే నన్ను పక్కకి నెట్టింది.

"జరగండి. మీ సీర కనపడతంది."